వరుస, మాట, ముద్ర: సినిమాపాటలో సొంతదనము

పుదుచ్చేరి పట్టణమునందలి ఒర్లియంపేటలో ఒక తెలుగువారి యింట పెండ్లి జరుగుచున్నదనుకొందము. ముహూర్తవేళకు నాదస్వరమున త్యాగరాజకృతి వినవచ్చును. కృతి తెలుగు, వాయించు విద్వాంసుడు తమిళుడు, తల యూపుచు వినువారిలో రెండు భాషలవారును ఉందురు. సాయంకాలము ఊరేగింపు కదలునప్పటికి బ్యాండు బృందము సినిమాపాట నెత్తుకొనును. అది మొదట తెలుగున పుట్టినదా, తమిళమున పుట్టినదా యని అడిగినచో వీథిలో నిలిచిన పదిమందియు పది విధములుగా చెప్పుదురు. రాత్రి భోజనముల పిమ్మట పిల్లలు సెల్‌ఫోనులో నిన్నమొన్న విడుదలయైన పాట పెట్టుదురు. అరుగుమీది పెద్దలలో నొకరు, "ఇది క్రొత్తపాట యేమిటి? మా చిన్ననాడు విన్నదే" అని పెదవి విరుతురు. మాట అక్కడితో ఆగదు. ఇప్పటివారికి సొంతముగా పాట కట్టుట చేతకాదనియు, అంతయు ఎరువు సొమ్మనియు తీర్పు వెలువడును.

ఈ తీర్పు ఒక్క ఒర్లియంపేటలోనే కాదు, విజయవాడలోను, హైదరాబాదులోను, తెలుగువారు వలసపోయిన ప్రతి దేశములోను వినబడుచున్నదే. దానిని తోసివేయుట సులభము, తలయూపుట మరియు సులభము. కాని పాటలో సొంతదనమనగా దేనిని గూర్చి మాటాడుచున్నామో ముందుగా తేల్చుకొనకున్నచో ఈ వాదము ఎన్నటికిని తెగదు. పాట యనునది ఒకే వస్తువు కాదు. అందు వరుస యున్నది, మాట యున్నది, రెండింటిని కలిపి ఒక కంఠమున నిలుపు పలుకుబడి యున్నది. అరుగుమీది పెద్దమనిషి గుర్తుపట్టినది వరుసను మాత్రమే. వరుస పాతదైనచో పాట పాతదగునా? తెలుగుపాట చరిత్ర ఈ ప్రశ్నకు ఇచ్చు సమాధానము పలువురు ఊహించునట్టిది కాదు.

ఈ ఫిర్యాదు ఈ పట్టణమునకు క్రొత్త కాదు. సుబ్రహ్మణ్య భారతి 1908 మొదలు 1918 వరకు పుదుచ్చేరిలో ప్రవాసముండెను. ఆయన తన సంగీతవ్యాసమున చేసిన ఆక్షేపణ నేటి ఆక్షేపణకు అన్నగారివంటిది. ఏ సభకు పోయినను విద్వాంసులు అవే కొద్ది కీర్తనలను మరల మరల పాడుచున్నారనియు, క్రొత్త కీర్తనలు పుట్టుటలేదనియు ఆయన బాధపడెను. ఆయనకు విసుగు పుట్టించిన ఆ పాతపాటలలో అధికభాగము తెలుగు కీర్తనలే యగుట తెలుగు పాఠకులు కొంచెము ఓర్పుతో గమనింపదగిన సంగతి. త్యాగరాజునందు భారతికి భక్తియే కాని తిరస్కారము లేదు. ఆయన కోపము కృతికర్తపైని కాదు, కృతికర్త చేసిన పనిని తాము చేయక, చేసిపెట్టినదానినే నమలుచుండిన వారిపైని. నేడు చిత్రగీతములకు ప్రమాణముగా చూపబడు శాస్త్రీయసంగీతమే నూరేండ్ల క్రిందట సొంతదనము లేనిదని నిందింపబడెనన్నమాట. ఆ భారతియే తన పాటలకు జానపదుల చిందుమట్లను, ప్రచారములోనున్న ఇతరుల వరుసలను వాడుకొనుటకు సంకోచింపలేదు.

భారతికి నూటయేబది యేండ్లకు పూర్వము ఇదే పట్టణమున ద్యూప్లే దొరకు దుబాసియైన ఆనందరంగపిళ్ళ యుండెను. ఆయన 1709లో జన్మించి 1761లో మరణించెను. ఆయన దినచర్య గ్రంథము చరిత్రకారులకు సుపరిచితము. రంగపిళ్ళ వీథిలో ఆయన సౌధము నేటికిని నిలిచియున్నది. తెలుగువారికి ఆయన మరియొక విధముగా ఆప్తుడు. కస్తూరి రంగకవి రచించిన ఆనందరంగరాట్ఛందము ఆయన పేర వెలసిన తెలుగు లక్షణగ్రంథము. పుదుచ్చేరికి తెలుగు సాహిత్యముతో గల సంబంధమునకు ఇంతకంటె గట్టి సాక్ష్యము అక్కరలేదు. ఛందోగ్రంథమును ఇచ్చట ప్రస్తావించుటకు వేరొక కారణము కూడ కలదు. ఉత్పలమాల ఎవరి సొత్తు? సీసము ఎవరి సొత్తు? నన్నయ వాడిన వృత్తమును పోతన వాడెనని ఎవరును దొంగతనము అంటగట్టలేదు. ఛందస్సు అందరి పొలము. పండించిన పంట మాత్రమే ఎవరిది వారిది. మనవారు వరుసను కూడ చాలకాలము ఇట్లే భావించిరి.

దానికి గుర్తు 'మట్టు' అను మాట. పాత పాటల పుస్తకములు తిరుగవేసినచో పాటకు తలకట్టుగా రాగతాళములతోపాటు ఫలానా పాట మట్టు, ఫలానా కీర్తన వరుస అని అచ్చువేసియుండుట కనబడును. క్రొత్త సాహిత్యమును తెలిసిన వరుసలో నింపుటకు వర్ణమట్టు అని పేరు. స్వరలిపి ఎరుగని పాఠకునకు ఆ ఒక్క పంక్తియే స్వరలిపి. అతడు పాత పాటను మనసున తలచుకొని క్రొత్త మాటలను దానిపై నడిపించును. ఇందు దాపరికము లేదు. ఎరువు తెచ్చితినని పాటనొసటనే వ్రాసియుండెను.

ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వర సాహిత్యములు ఈ పద్ధతికి గొప్ప యుదాహరణము. మద్రాసు సమీపమునందలి మణలిలో నున్న కాలమున ఆ సోదరులకు కంపెనీవారి బ్యాండు సంగీతముతో పరిచయము కలిగెను. తమ్ముడగు బాలుస్వామి దీక్షితులు వయొలిను నేర్చి దానిని మన సంగీతమునకు తెచ్చియిచ్చిరి. అన్నగారు ఆ పరదేశి వరుసలలో సుమారు నలువది సంస్కృత సాహిత్యములు రచించిరి. అన్నియు శంకరాభరణ స్వరములలోనివే. అందొకటి బ్రిటిషు రాజగీతపు వరుసలో నడచు దేవీస్తుతి! రాజుకొరకు కట్టిన వరుసలో దేవిని కూర్చుండబెట్టిన ఆ ధైర్యమును ఏమనవలెను? నేటి కొలతలతో చూచినచో అది అచ్చముగా అనుకరణమే. ఐనను దీక్షితుల సొంతదనమును శంకించిన వివేకి యెవడును లేడు.

తెలుగు నాటకరంగము కూడ ఈ బాటనే నడచినది. 1880లో ధార్వాడ నాటకసమాజము రాజమహేంద్రవరమునకు వచ్చి ప్రదర్శనములిచ్చిన పిమ్మట మనవారికి నాటకములపై మోజు పెరిగెను. బందరున నాదెళ్ళ పురుషోత్తమకవి హిందీ నాటకములే వ్రాసెను. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులు నాటకమున పాటకు పీట వేసెను. పార్శీ మట్లు, హిందుస్తానీ మట్లు తెలుగు పల్లెలదాక ప్రాకినవి. అవి పరాయివని అప్పటి పండితులు గొణిగిరి. రెండు తరములు గడచునప్పటికి అవే మన నాటకపు పాటలనిపించుకొన్నవి.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి ఎంత తెచ్చుకొన్నను తప్పులేదని తేల్చుట తొందరపాటగును. తెచ్చుకొనుటలో తెగలున్నవి. ఆ తెగలను మనవారు వేయియేండ్లకు పూర్వమే విడదీసిరి. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము నాలుగవ ఉద్ద్యోతమున ఇద్దరు కవుల రచనలలో కనిపించు పోలికను మూడు విధములుగా విభజించెను. మొదటిది ప్రతిబింబము వంటిది. అద్దములోని బొమ్మకు తనదైన ఆత్మ లేదు. రెండవది చిత్రపటము వంటిది. దానికి ఆత్మ యున్నను అది తుచ్ఛము. మూడవది ఒక మనిషి మరియొక మనిషిని పోలియుండుట వంటిది. ముఖము కలిసినను ప్రాణము వేరు. మొదటి రెండును విడువదగినవి, మూడవదానిని విడువ బనిలేదు అని ఆయన నిర్ణయము. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ విషయమును ఇంకను పెంచి, శబ్దహరణము, అర్థహరణము అని శాఖలు చీల్చి, కవులందరును ఏదో యొక పాళ్ళలో దొంగలేనని చమత్కరించెను. కావ్యముకొరకు చేసిన ఈ విభజన పాటకు కూడ చక్కగా అమరును. విమర్శకులు దీనిని విడిచి, న్యాయస్థానపు మాటలతో పాటను తూచుటచేత తీర్పులు తప్పుచున్నవి.

చిత్రగీతముల నుండి ఒకటి రెండు సంగతులు తీసికొని చూతము. తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' 1932లో వెలువడినది. పదుమూడేండ్ల తరువాత బి.ఎన్. రెడ్డి 'స్వర్గసీమ'లో భానుమతి పావురమును పిలుచుచు పాడిన పాట ఆంధ్రదేశమును ఊపివేసినది. దాని వరుసకు ప్రేరణ 'బ్లడ్ అండ్ శాండ్' అను అమెరికా చిత్రమున నాయిక తీసిన రాగము. దానిని తెలుగుపాటగా మలచినవారు బాలాంత్రపు రజనీకాంతరావు. ఆకాశవాణి ఉద్యోగియగుటచేత ఆయన తన పేరు పెట్టుకొనక తమ్ముడు నళినీకాంతుని పేర ఆ పాట ఇచ్చిరి. అనగా వరుసకు మూలము ఒకచోట, పాటకు కర్త ఒకచోట, అచ్చయిన పేరు మరియొకచోట! ఆ రజనీకాంతరావుగారే 1958లో 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' ప్రచురించి, ఏ పదము ఎవరిది, ఏ కృతి ఎవరిది యని శతాబ్దుల లెక్క తేల్చిరి. ఆ గ్రంథమునకు 1961లో సాహిత్య అకాడమి పురస్కారము లభించెను. ఊరివారి పేర్లన్నియు వెదకిపెట్టిన చేయి తన పాటకు మాత్రము తన పేరు వ్రాసికొనలేదు. ఇక ఆ పాట విషయము: ఆనందవర్ధనుని కొలతలో అది మూడవ తెగలోనిది. స్పెయిను దేశపు వాసన అందు సోకినను, పలుకులోని గోము, ఆ పిలుపులోని ఒయ్యారము పూర్తిగా తెలుగువి. మూల చిత్రమును చూడనివారికి లోటు తోచదు. చూచినవారికి ఏవగింపు కలుగదు.

రాకడతోపాటు పోకడను కూడ లెక్కలోనికి తీసికొనవలెను. 'మిస్సమ్మ' 1955లో వచ్చినది. అందు బృందావన కృష్ణుని గూర్చిన పాటకు సాలూరి రాజేశ్వరరావు కూర్చిన వరుస, 1957లో 'మిస్ మేరీ' యను హిందీ చిత్రమున హేమంతకుమారుని సంగీతదర్శకత్వముక్రింద మరల వినబడెను. హిందీ వరుసలు తెలుగునకు వచ్చుచున్నవని విలపించువారు తెలుగు వరుస హిందీకి పోయిన ఈ సంగతిని తలచుట అరుదు.

అసలు, మూలమేది అను ప్రశ్న పుదుచ్చేరివంటి ఊరిలో ఒక వింతరూపము దాల్చును. 'పాతాళభైరవి', 'దేవదాసు', 'మిస్సమ్మ', 'మాయాబజారు' ఇవన్నియు తెలుగు తమిళములు రెండింటిలోను నిర్మింపబడిన చిత్రములు. 'దేవదాసు'కు సంగీతము కూర్చిన సి.ఆర్. సుబ్బురామన్ ఆ చిత్రము విడుదలకు ముందే, 1952లో, అకాలమరణము చెందెను. ఒకే వరుస, తెలుగున సముద్రాల రాఘవాచార్యుల మాటలు, తమిళమున ఉడుమలై నారాయణకవి ప్రభృతుల మాటలు, రెండింటను ఘంటసాల కంఠమే. ఒర్లియంపేటలో ఒక గోడకు ఇటు నున్న ఇల్లు దానిని తెలుగుపాట యనును, అటు నున్న ఇల్లు తమిళపాట యనును. ఇద్దరును సత్యమే పలుకుచున్నారు. పింగళి నాగేంద్రరావు మాటలకును, తంజై రామయ్యదాసు మాటలకును ఒకే వరుస ఆధారమైనప్పుడు వానిలో ఒకటి మూలము, రెండవది నకలు అనుట ఎట్లు? తేడా అంతయు మాటలోనిదే. పింగళి కల్పించిన పదములు ఈనాటికిని తెలుగువారి ఇండ్లలో వాడుకలో నున్నవి. వరుస ఉమ్మడియైనను ఆ సొత్తు ఉమ్మడి కాదు.

పోలికలను గూర్చి మరియొక సంగతి చెప్పక తప్పదు. మన చిత్రగీతములు వాడుకొను రాగములు బహుకొద్ది. మోహన, హిందోళము, సింధుభైరవి, కల్యాణి, మధ్యమావతి, కీరవాణి ఇట్లు వ్రేళ్ళపై లెక్కింపదగినవి. మోహనమున స్వరములు ఐదు మాత్రమే. ఐదు స్వరములపై నడచు రెండు పాటలు ఎక్కడనో తగులుకొనుట సహజము. 'మాయాబజారు'లోని వెన్నెల నౌకావిహారపు పాట మోహనము. అటుపిమ్మట మోహనమున వచ్చిన వెన్నెల పాట ప్రతిదియు దానిని తలపునకు తెచ్చును. ఇది దొంగతనము కాదు, జన్యజనక సంబంధము. రాగము ఒకటియైనంత మాత్రముననే దొంగ దొరకెనని కేకవేయువారు సంగీతమును కొంచెము నేర్చి అక్కడనే ఆగినవారు.

తాళ్ళపాక అన్నమాచార్యుని సంగతి ఇంకను విచిత్రము. 1408 నుండి 1503 వరకు జీవించిన ఆ మహనీయుని సంకీర్తనలు తిరుమల ఆలయములోని అరలో రాగిరేకులపై దాగి, 1922లో వెలుగు చూచినవి. పండ్రెండువేలకు పైగా లభించినవి. రేకులపై రాగము పేరు చెక్కియున్నది, స్వరము లేదు. కావున నేడు దేశమంతట అన్నమయ్యపాటగా మ్రోగుచున్న వరుసలు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాదు మున్నగు ఇరువదవ శతాబ్దమువారు కూర్చినవి. పాతకాలపు అసలైన సంగీతమనుచు చిత్రగీతమునకు ఎదురు నిలుపు పాటకు వరుస కొన్నియెడల చిత్రగీతము వయసే! ఇందు ఎవరికిని మోసము జరుగలేదు. మాట నిలిచినది, వరుస మారినది, పాట అన్నమయ్యదే యయినది. ఎందువలన? ప్రతి సంకీర్తన చివర వేంకటేశుని ముద్ర యున్నది.

ముద్ర అను ఆ చిన్న సాధనము చేసిన మేలు ఇంతయని చెప్పరాదు. క్షేత్రయ్య పదములు మువ్వగోపాలుని పేర గుర్తుపడుదురు. త్యాగరాజు తన పేరునే చరణమున పొదిగెను. నోటినుండి నోటికి పోవు పాటకు అదియే దస్తావేజు. చిత్రగీతమున ముద్రకు చోటు లేకపోయెను. పేరు పాటలో నుండి రికార్డు చీటీ మీదికి పోయెను. ఆ చీటీ నమ్మదగినదా యనిన అదియు కాదు. 1949లో హిందీ 'మహల్' చిత్రపు రికార్డుపైని పాడిన లతా మంగేష్కరు పేరునకు బదులు కథలోని పాత్ర పేరు అచ్చువేసిరి. నేడు సెల్‌ఫోనులో పాట పెట్టినచో కథానాయకుని బొమ్మ కనబడును, కంపెనీ పేరు కనబడును. పాట వ్రాసిన కవి పేరు వెదకినగాని కనబడదు. పాత పాటల పుస్తకము వరుస ఎవరిదో నొసటనే చెప్పెడిది. ఇప్పటి పాట మాట ఎవరిదో కూడ చెప్పుటలేదు. సొంతదనము పోయెనని అనదలచినచో ఈ చోట అనవలెను.

విదేశములలో ఈ వివాదమును అంకెలతో తేల్చుటకు ప్రయత్నములు జరిగినవి. 2012లో బార్సెలోనాకు చెందిన జోన్ సెర్రా బృందము 1955 నుండి 2010 వరకు వెలువడిన నాలుగున్నర లక్షలకు పైగా పాశ్చాత్య రికార్డులను యంత్రముచే పరిశీలింపజేసెను. స్వరముల వెంట స్వరములు వచ్చు తీరులో వైవిధ్యము తగ్గినదనియు, ధ్వనుల రంగులు ఒకేరీతిగా మారుచున్నవనియు, పాటల బిగ్గరతనము పెరిగినదనియు తేలెను. పెద్దమనిషి మాటకు శాస్త్రము సాక్ష్యమిచ్చినదని పలువురు సంతసించిరి. కాని 2015లో లండనులో మాథియాస్ మౌష్ బృందము 1960 నుండి 2010 వరకు అమెరికాలో ప్రజాదరణ పొందిన సుమారు 17,000 పాటలను మరియొక విధమున పరిశీలించి, ఏకరూపత ఎడతెగక పెరుగుచున్నదను మాటకు ఆధారము లేదనెను. 1980ల నడుమ డ్రమ్ము యంత్రముల మోజులో వైవిధ్యము తగ్గి, మరల పెరిగినదట. 1964, 1983, 1991 సంవత్సరములయందు పెద్ద మార్పులు వచ్చినవనియు, వానిలో కడపటిది అన్నిటికంటె పెద్దదనియు చెప్పిరి. ఈ కొలతలు స్వరమును, ధ్వనిని తూచినవి, మాటను తూచలేదు. తెలుగుపాటకు మాటయే ప్రాణము కావున ఈ త్రాసు మనకు సగమే పనికివచ్చును.

మాట సంగతి చూడవలెనన్నచో పాట పుట్టు క్రమమును చూడవలెను. కవి ముందు వ్రాయుటయా, సంగీతదర్శకుడు ముందు వరుస కట్టుటయా? నాగరుకోయిలు ప్రాంతమునుండి వచ్చిన కె.వి. మహదేవన్ తెలుగు పాటను చేతికిచ్చిన పిమ్మటనే దానికి వరుస కట్టెడివాడు. సహాయకుడు పుహళేంది ప్రక్కన నుండి తెలుగు పలుకును కనిపెట్టెడివాడు. 1964 నాటి 'మూగమనసులు'లో ఆత్రేయ పాటలను, 1980 నాటి 'శంకరాభరణము'లో వేటూరి పాటలను విన్నవారికి, అచ్చట మాట విరుగు చోటనే స్వరము విరుగునని తెలియును. తమిళుడు కట్టిన ఆ వరుసలు తెలుగు వరుసలని ప్రతి తెలుగువాడును నమ్ముటకు ఇదియే కారణము.

వరుస ముందు వచ్చునప్పుడు కవి పని ఏమగునో చూడుడు. తెలుగున హ్రస్వదీర్ఘములు అర్థమును మార్చును. కల యన్నది ఒకటి, కాల యన్నది మరియొకటి. పడును అన్నచోట స్వరము సాగి పాడును అని వినబడినచో పడినవాడు గాయకుడగును! లఘువు పట్టవలసినచోట గురువు పట్టెడి వరుసలో ఇమిడించుటకు కవి తనకు కావలసిన మాటను విడిచి, పట్టెడి మాటను ఏరుకొనవలసివచ్చును. అనువాదచిత్రమున ఈ కష్టము రెండింతలు. 1950లో 'ఆహుతి' చిత్రమునకు శ్రీశ్రీ ఈ పని చేసిరి. అది తెలుగున తొలి అనువాదచిత్రము. వరుసకు తోడు పెదవుల కదలిక కూడ కలియవలెను. తెరపై పెదవులు మూసికొన్నచోట ప, బ, మలలో నొకటి పడవలెను. 1992లో 'రోజా' తమిళపాటలను రాజశ్రీ తెలుగు చేసినప్పుడు ఎ.ఆర్. రహమాన్ వరుసలు మార్పునకు లొంగునవి కావు. ఐనను ఆ పాటలు తెలుగునాట నిలిచినవి. కావున వరుస ముందుండుటయే నేరమని అనరాదు. ఇళయరాజా వరుసలకు వేటూరి వ్రాసిన పాటలలో మేలైనవి ఎన్నియో కలవు. నేరము మరియొకచోట నున్నది. కవికి వరుసతో పెనగులాడు వ్యవధి నీయక, పట్టెడి మాటలు చాలు, అర్థము అక్కరలేదనుటయందున్నది.

వ్యవధి లేకపోవుటకు వ్యాపారము కారణము. పూర్వము 78 చుట్ల రికార్డుపై ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములే పట్టెడిది. పల్లవి, రెండు మూడు చరణములు అను చట్రము ఆ కొలతకు బిగిసికొన్నది. నేడు స్పాటిఫై వంటి సేవలలో ముప్పది సెకనులు విన్నగాని వినినట్లు లెక్కకు రాదు. ఆ ముప్పది సెకనులలోనే వినువానిని పట్టవలెను. ఆలాపన చేయుచు కూర్చుండినచో అతడు జారిపోవును. అందుచే పల్లవిలోని ఒక తునకయే పాటయై, చరణము వెనుకబడినది. చిన్న వీడియోలకు కావలసినదియు ఆ తునకయే. తునకలన్నియు ఒకదానినొకటి పోలుటలో వింత యేమున్నది? చరణమున కదా కవి తన ఊహను విప్పుట!

ఇక చట్టము. 1957 నాటి కాపీహక్కు చట్టమున సంగీతరచనకిచ్చిన నిర్వచనము ప్రకారము అది వ్రాతరూపమునకు రావలెను. నోటను పాడి, హార్మోనియముపై చూపి వరుస కట్టు మన పద్ధతికి ఆ నిర్వచనము ఇమడదు. 1994లో గాని ఆ నియమము తొలగలేదు. 1977లో సుప్రీంకోర్టు, వేరు ఒప్పందము లేనియెడల చిత్రమునకై డబ్బిచ్చి వ్రాయించుకొన్న పాటకు నిర్మాతయే హక్కుదారు అని తీర్పు చెప్పెను. 2012 సవరణతో పాటకవికిని, స్వరకర్తకును రాబడిలో సమభాగము లభించు హక్కు ఏర్పడినది. ఆ హక్కును వ్రాసియిచ్చివేయుటకు కూడ వీలులేదు. ఐదు దశాబ్దులకు మించి పాట వ్రాసినవాడు ఒక్కమారు కూలి పుచ్చుకొని తప్పుకొనెడి స్థితిలో ఉండి, సొంతదనము చూపుము అన్నచో ఎట్లు చూపును? చూపినవారున్నారు, వారి గొప్పతనము అది. వ్యవస్థ గొప్పతనము కాదు.

జానపదుని సంగతి ఇంకను దయనీయము. అతని పేరు చట్టమునకు తెలియదు. 2021లో 'లవ్ స్టోరీ' చిత్రమునకు సుద్దాల అశోక్ తేజ వ్రాసిన పాటకు పల్లవి తెలంగాణ జానపదము. పాట మారుమ్రోగిన పిమ్మట, ఆ జానపదమును వెలికితెచ్చి పాడినవారికి దక్కవలసిన గుర్తింపును గూర్చి వివాదము చెలరేగినది. పాత పుస్తకమువలె నొసటన ఫలానా ఊరి పాట వరుస యని ఒక్క పంక్తి ఉండెనేని ఆ వివాదమున సగము పుట్టకయే పోవును.

2023 మార్చిలో చంద్రబోసు వ్రాసి కీరవాణి కూర్చిన 'ఆర్ఆర్ఆర్' చిత్రపు నృత్యగీతమునకు ఆస్కారు బహుమతి వచ్చినది. ఆ బహుమతి పేరులోనే 'ఒరిజినల్' అను మాట యున్నది. అక్కడ దాని అర్థము, మాటయు వరుసయు ఆ చిత్రమునకై ప్రత్యేకముగా రచింపబడినవై యుండవలెనని మాత్రమే. ఇంతకుముందు ఎవరును విననట్టి నడక కావలెనని కాదు. ఆ పాట నడక మన పల్లెల డప్పునకు దగ్గరి చుట్టము. కవి వాడిన పోలికలన్నియు పొలము, పోతురాజు జాతర, పచ్చిమిరప వంటి ఇంటి సరకు. ఎవరును ఎరుగని వస్తువు అందు ఒక్కటియు లేదు. ఐనను దానిని విన్న తెలుగువాడు ఇది మరియొకరి పాట యనలేదు.

ఒర్లియంపేట అరుగుమీది పెద్దమనిషి మాట అబద్ధము కాదు. ఆ వరుసను ఆయన చిన్ననాడు వినియేయుండును. విన్న పాట ఏదని మనుమడు అడిగినచో ఆయన కొంతసేపు కన్నులు మూసికొని, వరుసను కూనిరాగము తీయబోయి, స్వరము తప్పి, చివరకు మాటలను అందుకొనును. పల్లవి యంతయు తడబడక వచ్చును, మొదటి చరణమును వచ్చును. వ్రాసినదెవరని అడిగినచో మాత్రము ప్రక్కవాని వంక చూచును.